నీది వాటానా, జీతమా?

ఆ కబురు నాకు మొదట చెప్పింది మా పాలవాడు సింహాచలం.

అప్పుడు నేను పక్క జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీకి కమిషనరుని. ఆదివారం కదా అని కూర్మన్నపాలెంలో ఇంటికి వచ్చి, వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. సింహాచలం బండి ఆపి, క్యాను దించకుండా నిలబడ్డాడు.

"అమ్మగోరూ, ముందు మిఠాయి ఎట్టండి. అప్పుడే పాలు."

"ఏం, మళ్ళీ మనవడా?"

"మనవడు కాదు, తమరే! తమరు మన విశాపట్నం వచ్చేత్తన్నారంట. జోనల్ కమిషనరుగా."

"నాకే తెలియదు. నీకెవరు చెప్పారయ్యా?"

"మా బావ ఆ ఆఫీసులో అటెండరు కదమ్మా. కుర్సీ మీదకి కొత్త తువ్వాలు కొనుక్కు రమ్మన్నారంట ఆడిని. 'ఏ రంగు కొనమంటారో కనుక్కో' అని నాకు ఫోను సేసినాడు."

తెలుపు అని చెప్పాను. అసలు ఆర్డరు ఆ తర్వాత వచ్చింది. వచ్చేసరికి తువ్వాలు ఉతికి ఆరేసి కూడా ఉందట.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను కాబట్టి, మొదటి మాట ఇక్కడే చెప్పేస్తాను. కమిషనరు సంగతి ఊరికి ముందు తెలుస్తుంది, కమిషనరుకి ఆఖరున తెలుస్తుంది. ఊరి సంగతైనా అంతే. దానికి చిన్నబోకండి. పాలవాడినీ అటెండరునీ నవ్వుతూ పలకరించండి. సగం పరిపాలన అక్కడే నడుస్తుంది.

బడికి వెళ్ళని కమిషనరు

నేను చిన్నప్పుడు బడికి వెళ్ళలేదు. ఉబ్బసం. నాన్న స్టీల్ ప్లాంటులో షిఫ్టు మనిషి, ఉక్కునగరంలో క్వార్టరు. అమ్మ ఇంటర్ దాకా చదివింది. వంటింటి గట్టు మీద పలక పెట్టి నాకు అక్షరాలు, లెక్కలు, భూగోళం అన్నీ తనే చెప్పింది. పదో తరగతి ప్రైవేటుగా కట్టాను, డిగ్రీ దూరవిద్యలో అయింది. తర్వాత సర్వీస్ కమిషన్ పరీక్ష రాస్తే, అప్పన్న స్వామి దయ, మున్సిపల్ కమిషనరు పోస్టు వచ్చింది.

జీతం రోజున నాన్న కవరు తెచ్చి దేవుడి ముందు పెట్టేవారు. అమ్మ నన్ను కూర్చోబెట్టి అడిగేది: "ఈ కవరు వెనక ఎవరెవరున్నారో చెప్పు." ఖనిజం తవ్వినవాళ్ళు, రైలు నడిపినవాళ్ళు, పోర్టులో బొగ్గు దించినవాళ్ళు, ఫర్నేసు దగ్గర నాన్న పక్కన నిలబడ్డవాళ్ళు. తలా ఒక దండం పెట్టించేది. ఆ తర్వాతే పటికబెల్లం ముక్క చేతిలో పడేది. నాకు భూగోళం వచ్చింది అలాగే. ప్రార్థన వచ్చింది కూడా అలాగే.

ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన "స్కూలే చూడని మీరు మున్సిపల్ స్కూళ్ళను ఏం చూస్తారు?" అన్నారు. "ఆశగా చూస్తానండీ" అన్నాను. అందరూ నవ్వారు. ఉద్యోగం ఇచ్చారు.

ఆ కుర్చీలో చేసే పని

కౌన్సిల్ తీర్మానిస్తుంది, కమిషనరు చేయిస్తాడు. చట్టంలో ఉన్నదంతా ఈ ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది. ఆ "చేయిస్తాడు" అన్న మాటలో నీళ్ళు, దీపాలు, చెత్త, కాలువలు, కుక్కలు, శ్మశానం, పెళ్ళి పందిరి రోడ్డుకి అడ్డం వచ్చిందన్న గొడవ, అన్నీ ఉంటాయి. జోనల్ కమిషనరంటే అదే పని, పెద్ద నగరంలో ఒక ముక్కకి. ఆ ముక్కలో ఎక్కడ కుళాయి ఎండినా తిట్టు మాత్రం మనకే వస్తుంది.

నా మొదటి గురువు రామ్మూర్తి గారు. శిక్షణలో ఉండగా ఆయన కింద పనిచేశాను. తెల్లవారక ముందే పారిశుధ్య కార్మికుల హాజరు వేసే చోటికి వెళ్ళి నిలబడేవారు. గట్టి మనిషి. ఒకసారి ఒక వీధిలో కాలువ పూడిక తీయడానికి అడ్డమొచ్చాయని, కాలువ మీదికి కట్టుకున్న ఇంటి మెట్లన్నీ ఒక్క పూటలో కొట్టించారు. రూలు ప్రకారం అవన్నీ ఆక్రమణలే. మర్నాడు చూస్తే గడపలు నడుం ఎత్తులో వేలాడుతున్నాయి. ముసలమ్మలు గుమ్మాల్లో కూర్చుని, దిగలేక, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెబుతున్నారు. ఆ రోజే ఒక ఇంట్లో పెళ్ళి. పెళ్ళికొడుకుని ఇద్దరు బావమరుదులు మూటలా ఎత్తి లోపల పెట్టారు. ఆ ఎత్తుడుకి మేళగాళ్ళు వాయించడం మానేసి నవ్వారు.

రామ్మూర్తి గారు అదంతా నిలబడి చూశారు. నాతో ఒకే మాట అన్నారు: "అమ్మాయ్, కొట్టే ముందు రూలు చూశాను. కొట్టాక జనం కాలు ఎక్కడ పెడతారో చూడలేదు." సాయంత్రానికల్లా కాలువ మీద మెట్లలా పేర్చి, పూడికప్పుడు తీసేయగల రాతి పలకలు తెప్పించి, ఇంటింటి ముందూ తనే దగ్గరుండి వేయించారు. ఆ పెళ్ళివారు ఆయనకు ఆకు, వక్క ఇచ్చారు. పొరపాటు చేసిన అధికారికి తాంబూలం దొరకడం నేను అక్కడే చూశాను. మెట్టు మళ్ళీ పెట్టినవాడిని ఊరు క్షమిస్తుంది.

జీతం గురించి సూటిగా

పిల్లలు మొహమాటపడుతూ అడుగుతారు, "మేడమ్, జీతం బాగుంటుందా?" అని. మొహమాటం ఎందుకు, మంచి ప్రశ్నే. బాగుంటుంది. స్కేలు, కరువు భత్యం, ఇంటి అద్దె, తిరగడానికి జీపు. మర్యాదగా బతకచ్చు, పిల్లల్ని చదివించుకోవచ్చు, ఏడాదికొకసారి యాత్రకు వెళ్ళచ్చు. బంధువులు అనుకున్నంత మాత్రం ఉండదు. మా వారు స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్. ఓవర్‌టైం చేసిన నెలల్లో ఆయన జీతం నాకంటే ఎక్కువ. "కమిషనరు గారూ, ఈ నెల మీకేమైనా సర్దమంటారా?" అని ఆటపట్టించేవారు. ఆయనది కొలిమి ముందు సంపాదన, నాది ఫ్యాను కింద.

ఇంకో మాట, ఎవరికి కోపం వచ్చినా సరే. జీతం చాలక లంచం పట్టినవాడిని నా సర్వీసులో నేను చూడలేదు. చాలినవాళ్ళే పట్టారు. జీపును చూసి జనం పెట్టే దండం మనకనుకున్న రోజు నుంచి జీతం చాలడం మానేస్తుంది.

అయినా జీతం గురించి నాకు తెలిసిందనుకున్నది ఏ పాటిదో, ఈ నగరం తీరాన ఒక జాలరిపేటలో తేలింది. ఆ పేట పేరు రాయను. అక్కడి వాళ్ళకు పేరుతో పని లేదు, మనుషులు చాలు.

సముద్రం ఒడ్డున అడిగిన ప్రశ్న

జోనులో చేరిన కొత్తలో వార్డు వార్డుకీ వెళ్ళి కూర్చునేదాన్ని. ఆ పేటలో ఇసుక మీద ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నా పక్కన కిరణ్ అనే కుర్ర ఇంజినీరు. ఎదురుగా చేపలు అమ్ముకునే ఆడవాళ్ళు, తట్టలు బోర్లించుకుని వాటి మీద కూర్చున్నారు. ఎండు చేపల వాసన, తడి వలల వాసన. "చెప్పండమ్మా, మీకేం కావాలి?" అన్నాను.

ముందు వరసలో కూర్చున్న ఆవిడ పేరు నూకాలమ్మ. నుదుటి మీద పెద్ద బొట్టు, చెవులకు బరువైన కమ్మలు, యాభై దాటిన మనిషి.

"మాకేటి కావాలో తరవాత సెప్తాను తల్లీ. ముందు నాకొకటి సెప్పు. నీది వాటానా, జీతమా?"

"జీతమేనమ్మా."

"ఎంతేటి?"

కిరణ్ గట్టిగా దగ్గాడు. నేను చెప్పేశాను. దాచడానికి అదేమన్నా రహస్యమా.

వెనక నుంచి ఒకావిడ అంది: "ఓలమ్మ, అంతేనేటి! జీపు సూసి ఇంకా సానా అనుకున్నాం."

"మా మరిది సరంగు, పడవ నడుపుతాడు. బాగా పడ్డ నెల నీకంటే ఎక్కువే తెత్తాడు" అంది ఇంకొకామె.

"మరి పడని నెల?" అన్నాను నేను, ఊరుకోలేక.

"పడని నెల సున్నా."

"అదీ నాను అడిగింది" అంది నూకాలమ్మ. "వల కాళీగా వచ్చినా నీకు జీతం వత్తాది కదా?"

"వస్తుంది."

"మా పేటలో కుళాయి రాకపోయినా వత్తాదా?"

"వస్తుంది."

"మరైతే నీకు తొందరేటుంటాది తల్లీ!"

అందులో ఎగతాళి లేదు. ఇవాళ గాలి పడమటిది అని చెప్పినట్టు చెప్పింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత వాళ్ళే నాకు వాళ్ళ లెక్క చెప్పారు. పడవ ఒడ్డుకి వచ్చి, చేప అమ్మాక, డీజిలు ఖర్చు పక్కన పెట్టి, మిగిలింది పంచుతారు. పడవకొక వాటా, వలకొకటి, ఇంజినుకొకటి, ఎక్కిన మనిషికి మనిషికీ ఒకటి. సరంగు ఎంత మొనగాడైనా వల ఖాళీగా వస్తే ఖాళీ చేతులే. అందుకే పడవలో ఎవడూ నిద్రపోడు.

సభ అయ్యాక నూకాలమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది.

"ఇందాక అందరి ముందర సెప్పలేదు. నాకు కిడ్నీలో రాయి ఉన్నాది. ఆస్పత్రిలో డాట్రు ఏటన్నాడంటే, నీళ్ళు తాగు, నేకపోతే యాపారం మానీ అన్నాడు. తెల్లారగట్ల నాలుగింటికి ఈడకొత్తాం. పడవలొచ్చి సేపల ఏలంపాట అయ్యీసరికి ఎండెక్కుద్ది. ఆనక తట్ట ఎత్తుకుని కాలనీలు తిరగాల. ఈడ ఆడోళ్ళకి ఎల్లడానికి సోటు నేదు. మొగోళ్ళకి సముద్రం ఉన్నాది. మేం రాత్రి నుంచీ నీళ్ళు తాగం. నీళ్ళు తాగితే యాపారం పోద్ది, తాగకపోతే పేణం పోద్ది. ఏది ఒగ్గీమంటావు?"

"నీతో ఇంకెవరికైనా ఉందా ఈ బాధ?"

"అందరికీ. నాకు రాయి అయినాది, అంతే తేడా."

ఆవిడ మొగుడు చేపల వేటకి వెళ్ళి సముద్రంలో పోయాడు. తట్ట మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు.

తాళంచెవి ఉన్న మనిషి

"మేడమ్, ఇక్కడ ఆల్రెడీ ఒక టాయిలెట్ ఉంది. రోడ్డవతల" అన్నాడు కిరణ్. వెళ్ళి చూశాం. చక్కటి కట్టడం. గోడ మీద నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ కూడా వేశారు. తలుపుకి తాళం.

ఆరా తీస్తే తేలింది. తాళం ఉంది, తాళంచెవి ఉంది, తాళంచెవి ఉన్న మనిషి లేడు. మా ఆఫీసే జీతం ఇచ్చి పెట్టిన కాపలాదారు. ఆఫీసు వేళ ప్రకారం పొద్దున్న ఎనిమిదికి తెరుస్తాడు. అప్పటికి ఆడవాళ్ళందరూ తట్టలెత్తుకుని వెళ్ళిపోయి ఉంటారు. ఎవరూ రావడం లేదని అతను రెండు గంటలు కూర్చుని తాళం వేసేస్తాడు. వాడకం లేదని నీళ్ళ ట్యాంకరు ఆగిపోయింది. నీళ్ళు లేవని అతనూ రావడం మానేశాడు. అతని జీతం మాత్రం మానలేదు. ఎవరూ దొంగలు కారు. అందరూ ఎవరి పని వాళ్ళు చేశారు, ఒక్క ఆడమనిషికీ తలుపు తెరుచుకోలేదు. మా ఉద్యోగాల్లో పొరపాటు చాలాసార్లు ఇలాగే ఉంటుంది, మనిషి చెడ్డవాడై కాదు.

ఆడవాళ్ళు వేరే చోటు చూపించారు. చేపల పాట జరిగే చోటికి దగ్గరగా, పడవలు నిలిపే పక్కన. స్థలం ప్రభుత్వానిదే. కానీ అక్కడికి కాస్త ఎడంగా పసుపు రాసిన గంగమ్మ రాయి ఉంది. వేటకెళ్ళే ప్రతి పడవా అక్కడ కొబ్బరికాయ కొడుతుంది. పేట పెద్ద పోలయ్య వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"తమరు సేత్తానంటే మేం ఆపలేం మేడమ్‌గోరు. కానీ తల్లి ఎదర మరుగుదొడ్డేటండి? రేపు వేట పడకపోతే నన్ను అడుగుతారు, తమర్ని అడగరు."

నగర కమిషనరు, చురుకైన యువకుడు, రివ్యూలో అన్నాడు: "గవర్నమెంట్ ల్యాండే కదా మేడమ్, కట్టేయండి. పోలీసులు కావాలంటే నేను మాట్లాడతాను." మంచి మనసుతోనే అన్నాడు. నేను కాస్త వ్యవధి అడిగాను. నేను గడపకి పసుపు రాయకుండా పొద్దున్న కాఫీ తాగని మనిషిని. పోలయ్య భయం నాకు నవ్వులాట కాదు. పైగా పోలీసుల్ని పెట్టి కట్టిన మరుగుదొడ్డికి మర్నాడే తాళం పడుతుంది, వేసేది పేటే. "మీ పంచాయితీలో తేల్చుకోండి, ఏది తేలితే అదే చేస్తాను" అని పోలయ్యకి చెప్పాను. ఆ సాయంత్రం నూకాలమ్మకీ అదే చెప్పాను. ఆవిడ మొహం వాడిపోయింది. "పంచాయితీలో మాటాడేది మొగోళ్ళే తల్లీ" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నీళ్ళు తాగొద్దని మాత్రం ఎవలూ అననేదు కదా?" అంది.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

నీళ్ళ పంచాయితీ

వేట లేని రోజు చూసి, మధ్యాహ్నం, వలల పాక ముందు పంచాయితీ పెట్టారు. నన్ను రమ్మన్నారు కానీ మాట్లాడవద్దన్నారు. నాకు అదే హాయి. ఓ మూల కుర్చీలో కూర్చున్నాను. మగవాళ్ళు చాప మీద, ఆడవాళ్ళు ఎప్పటిలా వెనక. కానీ ప్రతి ఆడమనిషి చేతిలోనూ ఒక చెంబో, బాటిలో ఉంది.

"పెద్దలు మాటాడండి. మేం ఇంటాం" అంది నూకాలమ్మ. చెంబు ఎత్తి గటగటా తాగింది. ఆవిడ తాగగానే మిగతా అందరూ తాగారు. నాకూ ఒక చెంబు అందింది. నేనూ తాగాను.

పోలయ్య మొదలుపెట్టాడు. తాతల కాలం నుంచీ తల్లి ఎలా కాపాడిందో, ఏ తుపానుకి ఏ పడవ ఎలా తిరిగి వచ్చిందో నిదానంగా చెప్పుకొచ్చాడు. బాగా చెప్పాడు. ఆడవాళ్ళు భక్తిగా విన్నారు, మళ్ళీ చెంబులు నింపుకున్నారు, మళ్ళీ తాగారు. ఇంకో పెద్ద లేచి ఇంకాసేపు చెప్పాడు. మూడో విడత చెంబులు ఖాళీ అయ్యాయి.

అప్పుడు నూకాలమ్మ లేచింది.

"పోలయ్య బావా, మీరు కానివ్వండి. మీ ఇంట్లో దొడ్డి ఉన్నాది కదా, నానెల్లొత్తాను."

ఎదురుగా ఉన్న ఇల్లే పోలయ్యది. ఆవిడ వెళ్ళిందో లేదో ఇంకొకామె లేచింది. "నానూ." "నానూ." పాక ముందు నుంచి పోలయ్య గుమ్మం దాకా వరస కట్టేశారు. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు చేతుల్లో సూదులు ఆపేసి చూస్తున్నారు. ఒక కుర్రాడు "ఏటి బావా, మీ ఇంటికాడ సినిమా ఏటైనా ఆడతన్నాదేటి?" అన్నాడు. పోలయ్య తువ్వాలు అటు భుజం మీంచి ఇటు భుజం మీదికి మార్చుకున్నాడు.

నాకూ తప్పలేదు. లేచి వెళ్ళి వరస చివర నిలబడ్డాను.

పోలయ్య భార్య దానమ్మ గుమ్మంలోకి వచ్చి గుండెల మీద చేయి వేసుకుంది. "ఓలమ్మో, మేడమ్‌గోరు కూడానా! తమరు ముందుకి రండమ్మా."

"వరస వరసే" అంది నూకాలమ్మ, లోపలి నుంచి వస్తూ. "కమీషనరైనా కడుపు కడుపే కదేటి."

వరస సగం కూడా కదలలేదు, దానమ్మ తడి చేతులతో వీధిలోకి వచ్చేసింది.

"ట్యాంకులో నీళ్ళయిపోనాయి! ఏమయ్యో, నా ఇల్లేటి ఆర్టీసీ కాంప్లెక్సా? ఆ పాకలో కూకుని తల్లి తల్లి అంటన్నావు. తల్లి నీ కల్లోకొచ్చి సెప్పినాదేటి, ఆడోళ్ళని ఆపుకుని సావమని? గంగమ్మ ఆడది కాదేటి? నాను తట్ట మోసిన రోజులు నీకు తెలీదా?"

పోలయ్య గంగమ్మ రాయి వైపు చూశాడు. తర్వాత వరస వైపు చూశాడు. ఆ వరసలో ఆయన చెల్లెలుంది, ఇద్దరు కోడళ్ళున్నారు. నూకాలమ్మ ఒక చేతిని నడుముకి అదిమిపెట్టుకుని నిలబడి ఉంది. అంత నీరు ఆ నడుముకి ఎన్నాళ్ళ తర్వాతో.

"మరి ఎక్కడ కట్టమంటావే?" అన్నాడు భార్యతో.

"నీ ఇంజిన్ల పాక ఎనక. తల్లికి ఎదర కాదు, గాలికి ఇటేపు కాదు. ఆ సోట్లో నీకున్నది ఏటి, తుప్పట్టిన ఇంజిన్లే కదా."

పోలయ్య నా వైపు తిరిగాడు. "రాసుకోండి మేడమ్‌గోరు. పాక ఎనక సోటు నానిత్తన్నాను. తల్లికి నానే సెప్పుకుంటాను." వెళ్ళి కొబ్బరికాయ కొట్టాడు. అది సమంగా పగిలింది. పేటకి అదే తీర్మానం. మా కౌన్సిల్లో అంత త్వరగా ఏ తీర్మానమూ నెగ్గలేదు.

నా వంతు వచ్చేసరికి దానమ్మ పక్కింటి నుంచి బకెట్టు నీళ్ళు తెప్పించింది. ఆవిడకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

వాటా మనిషిని పెట్టు

కట్టడం సులువు. నిలపడం కష్టం. కాపలాకి మళ్ళీ జీతం మనిషిని పెట్టడానికి కిరణ్ కాగితం తయారుచేశాడు. నూకాలమ్మ ఒప్పుకోలేదు.

"జీతం మనిషిని ఎట్టకు తల్లీ, మళ్ళీ తాళమే. వాటా మనిషిని ఎట్టు."

తట్ట మోయలేని వయసుకి వచ్చిన రాములమ్మను వాళ్ళే ఎంచారు. పాట అయ్యాక, ఎవరి తట్టలోంచి వాళ్ళు ఒక గుప్పెడు చేప రాములమ్మ గంపలో వేస్తారు. అదే ఆవిడ వాటా. వేట బాగుంటే గంప నిండుతుంది, లేకపోతే లేదు. దొడ్డి శుభ్రంగా లేని రోజున ఎవరూ వేయరు. నీళ్ళు, మరమ్మతు, పూడిక మా ఆఫీసు బాధ్యత. నిర్వహణ ఆ ఆడవాళ్ళ సంఘానికి ఒప్పందం మీద ఇచ్చాం.

"మేడమ్, ఆ గుప్పెడు చేపని లెక్కల్లో ఏ హెడ్డు కింద చూపించాలి?" అని కిరణ్ నిజంగానే దిగులుపడ్డాడు.

"అది మన చేతి మీదుగా పోదు నాయనా. వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు" అన్నాను.

"మరి నీ వాటా ఏటి?" అని నన్నడిగింది నూకాలమ్మ. అదీ వాళ్ళే తేల్చారు. నెలకొకసారి, పాట వేళకి, చెప్పకుండా నేను రావాలి. వచ్చి చూసి పోతే కుదరదు, ఆ దొడ్డినే వాడాలి. నీళ్ళు ఉంటే దానమ్మ ఇంట్లో చేపల పులుసుతో అన్నం. ట్యాంకరు రాకపోయి ఉంటే నాకు కూర లేదు.

"ఉద్యోగంలో ఉన్నదాన్ని, ఇలా తీసుకోకూడదమ్మా. లంచం అంటారు" అన్నాను.

"లంచం పనికి ముందర ఇత్తారు తల్లీ. వాటా పని అయ్యాక ఇత్తారు. తేడా తెలీదేటి నీకు?"

ఆవిడ మాట బాగుంది. రూలు రూలే. ఇంటికి ఒక్క చేప కూడా పట్టుకెళ్ళలేదు, వెళ్ళినప్పుడల్లా బియ్యమో కూరగాయలో తీసుకెళ్ళాను. కానీ దానమ్మ పెట్టిన అన్నానికి చెయ్యి అడ్డం పెట్టలేదు. మొదటిసారి వెళ్ళింది కార్తీక మాసంలో. ఆ నెలంతా నేను చేప ముట్టను. నూకాలమ్మ నెత్తి కొట్టుకుంది: "శివుడు నీ వాటా లాగేసుకున్నాడు!" నాకు చింతపండు చారు, అప్పడం. మా డ్రైవరుకి రెండు వాటాలు.

పిల్లలూ, మీకు దీని నుంచి ఒక్క మాట. తను వాడని మరుగుదొడ్డిని, తను ఎక్కని బస్సుని, తను తాగని నీటిని ఏ అధికారీ తనిఖీ చేయలేడు. జీతం మనకు ఎలాగూ వస్తుంది. అందుకు భగవంతుడికి దండం పెట్టుకోండి. పెట్టుకుని, ఎక్కడో ఒకచోట వాటాకి ఒప్పుకోండి. తొందర అక్కడి నుంచి పుడుతుంది. నాకు ఉద్యోగం ఎంత ఆనందమో తెలిసింది ఆ తొందర పుట్టాకే.

ఆ ఉదయం

ప్రారంభానికి రిబ్బను వద్దన్నారు. వేటకి వెళ్ళిన పడవలు తిరిగొచ్చే వేళకి తలుపు తెరిస్తే చాలన్నారు. ఇంకా మసక మసగ్గానే ఉంది. సముద్రం మీద పడవల దీపాలు ఒక్కొక్కటీ దగ్గరవుతున్నాయి. రాములమ్మ గుమ్మం కడిగి, పసుపు రాసి, గంప పక్కన పెట్టుకుని కూర్చుంది. తలుపు బార్లా తెరిచి ఉంది. కుళాయి తిప్పి నీళ్ళు వస్తున్నాయని అందరికీ చూపించింది.

నూకాలమ్మ పెద్ద బాటిల్ పట్టుకుని పాట జరిగే చోట మధ్యలో నిలబడింది. పడవ ఇంకా ఒడ్డుకి తగల్లేదు. ఎండెక్కే దాకా ఉండాలి, ఆ తర్వాత కాలనీలు తిరగాలి. పక్కనున్నామె భయపడింది. "ఒలే, అంతా ఒకేసారి తాగీకే. అలవాటు నేదు నీకు."

ఆవిడ వినలేదు. మూత తీసి, తల వెనక్కి వంచి, ఆగకుండా తాగింది. కంఠం కదలడం మేమంతా చూస్తున్నాం. బాటిల్ ఖాళీ చేసి, కొంగుతో మూతి తుడుచుకుని, నన్ను చూసి నవ్వింది.

"సల్లగున్నాది తల్లీ."

అంతే. పడవ వచ్చింది, పాట మొదలైంది, ఆవిడ గొంతు అందరి గొంతులకంటే పైన వినిపించింది.

నూకాలమ్మ ఇప్పటికీ తట్ట మోస్తోంది. రాయి బాధ తగ్గింది. నేను రిటైరయ్యాను. మీలో ఎవరో రేపు ఆ కుర్చీలో కూర్చుంటారు. కూర్చోగానే అటెండరు గాజు గ్లాసులో నీళ్ళు తెచ్చి, మూత పెట్టి, బల్ల మీద ఉంచుతాడు. ఆ గ్లాసు ఎత్తే ముందు ఒక్కసారి నూకాలమ్మను తలుచుకోండి. తలుచుకుని, నిండా తాగండి.